వంటపాత్రలకు అయస్కాంతపు పరీక్ష

తిరుపతి నుండి చెన్నపట్నమునకు పోవు బాటలో, పుత్తూరు చేరుటకు ముందు వడమాలపేట కలదు. అప్పలాయగుంటలోని ప్రసన్న వేంకటేశ్వరుని సేవింప పోవువారు ఎఱిగిన మండలమే యిది. 1911లో చిత్తూరు జిల్లాను కూర్చినప్పుడు పుత్తూరు, కార్వేటినగరము ప్రాంతములు ఆ జిల్లాలో చేరెను. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లా ఏర్పడగా వడమాలపేట దానిలోనికి వచ్చెను. జిల్లాలు మారినను, మంచి గిన్నె కావలసినప్పుడు ఇచ్చటి ఇల్లాండ్రు ఒక కంటితో తిరుపతి అంగళ్లను, ఇంకొక కంటితో చెన్నపట్నపు అంగళ్లను చూచుట మాత్రము మారలేదు.

ఇట్టి ఊళ్లలో నేడు తఱచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. ఇండక్షన్ పొయ్యి యను గాజుపలక పొయ్యి ఇంటికి వచ్చును. ఇంటిలోని మంచి తప్పెలను దానిపై నుంచి మీట నొక్కుదురు. పొయ్యి రెండు మూడు మాఱులు కూసి ఊరకుండును. ఇత్తడి గిన్నె పెట్టినను అంతే, సత్తు డేకిసా పెట్టినను అంతే. తళతళలాడు స్టీలు గిన్నెలలో ఒకటి కాగును, దాని ప్రక్కదే కాగదు. ప్రయత్నింప ప్రయత్నింప, అటుకపై మూల పడియున్న దోసెల పెనము మాత్రము నిమిషములో సెగలు గ్రక్కును. పొయ్యి చెడినదని తిరిగి అంగడికి మోసికొని పోయినవారును కలరు.

పొయ్యి చెడలేదు. అయస్కాంతము గట్టిగా అంటుకొను అడుగు గల పాత్రనే ఆ పొయ్యి గుర్తించును. అంగడివాడు చెప్పు సమాధానమును ఇంతే, అది సత్యమే. అయితే మన వంటయిండ్లలో అయస్కాంతము అంటని పాత్రలే ఇన్ని యేల చేరెను? ఈ సంగతి తెలిసికొనుటకు కొంచెము వెనుకకు పోవలెను. పోయినచో క్రొత్త గిన్నెను కొనుటయందే గాక, పాతవానిని అమ్ముకొనకుండుటయందును మనకు మేలు కలుగును.

మొదట మట్టి. మూడు రాళ్లు, వాని నడుమ కట్టెల మంట. ఆ మంట పాత్ర అడుగుతో ఆగక ప్రక్కలను కూడ నాకును. అందుచేత కుమ్మరి కుండ అడుగును గుండ్రముగా తీర్చెను. వేడికి పగులకుండుటకును, మూడు రాళ్ల నడుమ కుదురుగా కూర్చుండుటకును ఆ రూపమే తగినది. చదునైన నేలపై నిలువదు గనుక దించిన తరువాత దానికొక చుట్టకుదురు వేసిరి. ఈ సీమ ప్రజల ముఖ్యాహారమైన రాగిసంగటి ఆ కుండలోనే పెరిగినది. రాగి యను మాట లోహమునకును ధాన్యమునకును ఒక్కటే అయినను, సంగటికి పేరుపడినది మట్టికుండయే కాని రాగిపాత్ర కాదు. చింతపండు పులుసునకు రాతిచిప్ప ఉండెను. పొయ్యి దించిన వెనుకను పులుసు అందులో కొంతసేపు కుతకుత ఉడుకుచునే యుండును. తిరుమలలో శ్రీవారికి పెరుగన్నమును క్రొత్త మట్టికుండ ఓటిలో నివేదించు ఆచారము నేటికిని కలదు. కులశేఖర పడిని దాటి లోనికి పోవు గౌరవము ఆ ఓటికే దక్కినదని చెప్పుదురు, ఆ ఆచారమును కుమ్మరి భీముని భక్తితో ముడిపెట్టి కథ చెప్పుదురు. లోహములు ఎన్ని వచ్చినను మట్టికి మన ప్రాంతమున లోపించని గౌరవము ఇది.

తరువాతివి కంచు, ఇత్తడి, రాగి. తిరుపతిలో రాగి ఇత్తడి పాత్రల పని 19వ శతాబ్దము నాటికే పేరుపొందెను. యాత్రికుల రాకపోకలే ఆ పనికి ఆధారము. రాగిలో తగరము కలిపిన కంచు, తుత్తునాగము కలిపిన ఇత్తడి. ఈ పాత్రలు వేడిని త్వరగా అందుకొనును, అడుగంతటను సమముగా పఱచును. వీనికి గల శత్రువు పులుపు. చింతపండో పెరుగో తగిలినచో చిలుము పట్టును. దానికి విరుగుడు కళాయి. కళాయివాడు వీధి మూలను గుంట త్రవ్వి, తిత్తితో నిప్పు రాజేసి, కాలిన గిన్నెలో నవాసారము చల్లి, తగరపు ముక్కను త్రిప్పి గుడ్డతో తుడిచెడివాడు. తగరము 232 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే కరగును గనుక ఆ చిన్న కొలిమియే చాలును. నల్లని గిన్నె లోపల ఒక్క క్షణములో వెండివలె మెఱయుట చూచుటకు వీథి పిల్లలందఱును చేరెడివారు.

ఈ పాత్రలు వంటకు మాత్రమే కాదు. ఆడపిల్లకు సారెగా పెట్టినవి ఇవి. బిందె, గుండిగ, తప్పెల, చెంబు, పళ్లెము, ఒక్కొక్కదానిపై పేరు చెక్కించి యిచ్చెడివారు. అటుకపై బోర్లించిన ఇత్తడిని బట్టి ఇంటి కలిమిని ఎంచెడివారు. కరవు వచ్చినప్పుడు నగల వెంట తాకట్టునకు పోయినది గూడ ఈ ఇత్తడియే. కరవు రాయలసీమకు క్రొత్త కాదు గదా. ఆ విధముగా గిన్నె ఇల్లాలికి స్వంత ధనము, ఆమె చేతిలో నిలిచిన కొలది ఆస్తులలో ఒకటి. పాత్రల మార్పును వ్రాయువారు దీనిని విడువరాదని మా అభిప్రాయము.

ఇనుమునకు ఈ వరుసలో చోటెక్కడ? పెనము, బాణలి, గరిటె, అట్లకాడ. అంతే. అన్నము వండిన నల్లబడును, తడి తగిలిన త్రుప్పు పట్టును. శనికి చెందిన లోహమని శుభకార్యములందు దూరముంచిరి. తెలంగాణములోని కోనసముద్రపు ఉక్కును కొనుటకు పారసీక దేశమునుండి వర్తకులు వచ్చిరని 19వ శతాబ్దపు ఆంగ్లేయులు వ్రాసియుంచిరి. అంతటి ఉక్కును కరగించిన తెలుగుదేశమున వంటయింటి ఇనుము మాత్రము వాకిటి దగ్గరనే నిలిచిపోయెను.

ఇక సత్తు, అనగా అల్యూమినియము. 1886లో దానిని విద్యుత్తుతో చౌకగా తీయు పద్ధతి అమెరికాలోను ఫ్రాన్సులోను ఒకేమాఱు కనుగొనబడినది. ఆ లోహము వంటపాత్రగా భారతదేశమున పాదుకొనుట మన చెన్నపట్నముననే జరిగెను. 1898 ప్రాంతమున ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఇంజనీరు మదరాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్సులో సత్తు రేకుతో పాత్రలు చేయించుట ఆరంభించెను. 1900లో అదే నగరమున ఇండియన్ అల్యూమినియము కంపెనీ వెలసెను. రాగికంటె తేలిక, చిలుము లేదు, కళాయి అక్కఱలేదు, వెల తక్కువ. చిత్తూరు సీమకు ఇది రైలుబండిలో ఒక పగటి దూరము. సంగటి క్రమముగా మట్టికుండను వదలి సత్తు డేకిసాలోనికి మాఱెను. కళాయివానికి మొదటి దెబ్బ తగిలినది ఇచ్చటనే. తరువాత ప్రెషరు కుక్కరును ఈ సత్తుతోనే వచ్చెను. హాకిన్సు సంస్థ 1959లో స్థాపింపబడినది, ప్రెస్టీజి కుక్కర్లు చేయు టి.టి.కె. సంస్థయు ఆ కాలపుదే.

స్టెయిన్‌లెస్ ఉక్కు కథ వేఱు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హారీ బ్రేర్లీ తుపాకి గొట్టములకై ఉక్కును పరీక్షించుచు, క్రోమియము కలిసిన ఉక్కు త్రుప్పు పట్టకుండుట గమనించెను. అది మన ఇండ్లకు చేరుటకు అర్ధశతాబ్దము పట్టెను. చెన్నపట్నపు వాడుకను బట్టి చిత్తూరు ప్రాంతమువారు దీనిని ఎవర్‌సిల్వర్ అనిరి. ఎన్నడును మాయని వెండి యని ఆ పేరులోనే ఆశ కలదు. బూడిదతో చింతపండుతో చేతులు నొప్పిపుట్ట ఇత్తడిని తోమిన తరము దీనిని రెండు చేతులతో స్వాగతించినదన్న ఆశ్చర్యము లేదు. ఎందఱో ఇల్లాండ్రు సారె ఇత్తడిని తూకమునకు వేసి, దానికి మాఱుగా స్టీలు గిన్నెలు తెచ్చుకొనిరి. అమ్మమ్మ పేరు చెక్కిన గుండిగ పోయి, మనుమరాలి పేరు చెక్కిన స్టీలు డబ్బా వచ్చెను. 1981లో సేలము ఉక్కు కర్మాగారము స్టెయిన్‌లెస్ రేకుల ఉత్పత్తి మొదలుపెట్టిన తరువాత దక్షిణ దేశమున ఈ లోహము మఱింత సులభమయ్యెను.

ఇచ్చట ఒక చిక్కు దాగియున్నది, అది నలువది ఏండ్ల తరువాత గాని బయటపడలేదు. పేరుపొందిన వంటపాత్రల ఉక్కులో నూటికి 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు, మిగిలిన దానిలో దాదాపు అంతయు ఇనుమే. ఇనుము అంత యున్నను అయస్కాంతము దానిని అంటదు. నికెలు చేరుటచే ఇనుప పరమాణువుల అమరిక మాఱి అయస్కాంత గుణము పోవును. నికెలు వెల ఎక్కువ గనుక మన దేశమున పాత్రలకై దాని స్థానమున చాలవఱకు మాంగనీసును కలిపిరి. ఆ ఉక్కును అయస్కాంతము పట్టదు. నికెలును మాంగనీసును లేని క్రోమియపు ఉక్కు మూడవ రకము. దానిని అయస్కాంతము గట్టిగా పట్టుకొనును. ఇది మన జేబులోనే యున్నది. 1988లో చిన్న నాణెములతో మొదలై, 1992 నుండి రూపాయి నాణెము ఆ ఉక్కుతోనే ముద్రింపబడుచున్నది. రూపాయికి అయస్కాంతమును చూపిన ఎగిరివచ్చి అంటును. గిన్నెల అంగడిలో ఈ మూడు రకములను కంటితో చూచి వేఱుచేయుట అసాధ్యము.

కట్టెల పొయ్యికి గాని గ్యాసు పొయ్యికి గాని ఈ భేదముతో పని లేదు. మంటకు కులగోత్రములు పట్టవు. 1999లో దీపము పథకము వలనను, 2016లో ఉజ్జ్వల పథకము వలనను గ్యాసు మన పల్లెలకు చేరినప్పుడు గిన్నెలను మార్చవలసిన అగత్యము కలుగలేదు. మార్చవలసి వచ్చుట ఇండక్షన్ పొయ్యితోనే మొదలు. 2023లో ప్రభుత్వరంగ సంస్థయైన ఇ.ఇ.ఎస్.ఎల్. ఇట్టి పొయ్యిలను 20 లక్షల వఱకు ఇండ్లకు చేర్చు కార్యక్రమమును ప్రకటించెను. కనుక ఈ ప్రశ్న పట్టణములకే పరిమితము కాదు.

ఆ పొయ్యి పుట్టుకయు చెప్పుకొనదగినదే. 1831లో మైకేల్ ఫారడే, మాఱుచున్న అయస్కాంత బలము తీగెలో విద్యుత్తును పుట్టించునని కనుగొనెను. 1855లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ఫూకో, అట్టి బలములో నుంచిన లోహపు బిళ్లలో సుడులవలె విద్యుత్తు తిరిగి బిళ్ల వేడెక్కునని చూపెను. వంటకు దీనిని వాడవచ్చునని జనులకు చూపినది అమెరికాలో ఫ్రిజిడైర్ సంస్థ. 1950 దశకము నడుమ ఊరూర ప్రదర్శనలు పెట్టి, పొయ్యికిని పాత్రకును నడుమ వార్తాపత్రికను పఱచి, పత్రిక కాలకుండ నీరు మఱగించిరి. 1970 దశకపు ఆరంభమున వెస్టింగ్‌హౌస్ సంస్థ దానిని అమ్మకమునకు తెచ్చినప్పుడు, పొయ్యితో పాటు తగిన గిన్నెలను కూడ జతచేసి యిచ్చెను. పొయ్యి ఒక్కటి యిచ్చిన చాలదని వారు ఆనాడే ఎఱుగుదురు. మన అంగళ్లలో ఆ వివేకము అన్నిచోట్ల లేదు.

గాజుపలక క్రింద రాగితీగె చుట్ట యుండును. ఇంటికి వచ్చు విద్యుత్తు సెకనుకు 50 మాఱులు ఊగును. పొయ్యిలోని యంత్రము దానిని ఇరువది వేల మాఱులకు మించి ఊగించును. ఆ ఊపు పాత్ర అడుగున సుడివిద్యుత్తును పుట్టించును. ఇనుములో ఆ విద్యుత్తు లోతునకు పోలేక పైపొరలోనే ఇఱుకును. ఇఱుకు దారిలో రాపిడి ఎక్కువ, రాపిడికి తగినంత వేడి. రాగి, ఇత్తడి, సత్తు విద్యుత్తునకు రాజమార్గములు, ఒరిపిడి లేదు గనుక వేడి చాలదు. మట్టిలో రాతిలో దారియే లేదు. జపానులో రాగిని, సత్తును గూడ కాచు పొయ్యిలు చేసిరి కాని మన అంగళ్లలో అవి సాధారణముగా కానరావు. వేడి పాత్రలోనే పుట్టుటచే వృథా తక్కువ. ఖర్చయిన విద్యుత్తులో నూటికి 80 పాళ్లకు పైగా వంటకే చెల్లును. గ్యాసు మంటలో చాల పాలు గాలికే పోవును.

రేడియో గల ఇండ్లవారికి ఒక మాట. చుట్టలో ఊగు విద్యుత్తు దూరముననున్న ఇంకొక చుట్టను కదలించుటయే రేడియోకును మూలసూత్రము. అందుచేత ఇండక్షన్ పొయ్యి ప్రక్కన మీడియము వేవు రేడియో నుంచినచో గరగర తప్పదు. రేడియోను వంటయింటి ఆవలి గోడకు జరుపుడు. వంటకాని, పాటకాని చెడదు.

ఇప్పుడు ఎన్నికకు వత్తము. అంగడికి పోవునప్పుడు చిన్న అయస్కాంతమును కొంగున ముడివేసికొని పోవుట మేలు. దానిని పాత్ర అంచునకో ప్రక్కకో ఆనించి చూడరాదు. రేకును అచ్చులో సాగదీసినప్పుడు అంటని ఉక్కు గూడ ప్రక్కలయందు కొంచెము అంటు గుణము పొందును, అది మోసపుచ్చును. అడుగు నడుమ ఆనించవలెను. తలక్రిందులు చేసినను జారక, లాగిన గాని ఊడక పట్టుకొనవలెను. నీరసముగా తగులుకొన్నచో అట్టి పాత్ర కాగునేమో కాని కాలహరణము. పాత్రలపై ముద్రించు తీగెచుట్ట గుర్తు సహాయకారియే కాని, గుర్తు ఎవరైనను ముద్రింపగలరు.

సత్తును లోపల, ఉక్కును ఇరుప్రక్కల పొదిగిన మూడు పొరల గిన్నెలు ఇప్పుడు వచ్చుచున్నవి. వెల ఎక్కువ. అయినను అన్నమునకు, పాలకు ఇవియే శ్రేష్ఠము. బయటి ఉక్కు వేడిని పుట్టించును, నడిమి సత్తు దానిని సమముగా పంచును. పలుచని ఒంటిపొర స్టీలు గిన్నెలో పాలు అడుగంటును, చుట్ట యున్న మేర వలయముగా మాడును. సత్తు కుక్కరు కావలసినవారు అడుగున ఉక్కుబిళ్ల అతికినదానిని అడిగి తీసికొనవలెను. ఎనామిలు గిన్నెల లోపల నున్నది ఇనుమే గనుక అవి పనికివచ్చును. అడుగు వెడల్పు 12 సెంటీమీటర్లకు తగ్గినచో పెక్కు పొయ్యిలు పాత్రను గుర్తింపవు. కాఫీకై పెట్టు చిన్న గిన్నెలు ఇందుచేతనే కాగవు. అడుగు చదునుగా నుండవలెను. నట్టనడుమ గుంటపడిన పాత పెనము గాజుపై ఊగును, ఒకచోట మాడ్చి ఒకచోట పచ్చిగా విడుచును. పాత్రకును పొయ్యికిని నడుమ ఇనుప బిళ్ల వేసి ఇత్తడిని కాచువారు కలరు. ఆ బిళ్ల ఎఱ్ఱనై గాజును, దాని క్రింది యంత్రమును చెఱచు ప్రమాదము గలదు గనుక మేము దానిని మెచ్చము. ఇంకొకటి: 2,000 వాట్ల పొయ్యి 230 వోల్టుల వద్ద సుమారు 9 ఆంపియర్లను లాగును. దీపములకు వేసిన చిన్న ప్లగ్గు దానిని మోయలేదు, 16 ఆంపియర్ల ప్లగ్గు కావలెను.

ఇనుప పెనము, పోత ఇనుప బాణలి గలవారు అదృష్టవంతులు. త్రుప్పును రాల్చి, నూనె పట్టించి కాచినచో దోసెకు మించినది లేదు. ఒకనాడు శుభకార్యపు సామానులో చేర్పక మూలకు నెట్టిన లోహమునే నేటి పొయ్యి ఏరికోరి పిలుచుచున్నది. పోత ఇనుము బరువు గనుక గాజుపై ఈడ్వక, ఎత్తి పెట్టవలెను.

మఱి అటుకపై మిగిలిన ఇత్తడి సంగతి? తూకమునకు పోవలదు. ఎవర్‌సిల్వరు వచ్చిన దినములలో ఒకమాఱు పోయినది చాలును. గ్యాసు పొయ్యి ఇంట నున్నంత కాలము ఆ పాత్రలకు పని యున్నది. పొంగలికి, పాయసమునకు మందపు ఇత్తడి తప్పెలను మించిన స్టీలును మేము చూడలేదు. కళాయి వేయువారు తగ్గిరి కాని తిరుపతి వంటి పట్టణములలో వెదకిన దొరకుదురు.

సంగటి మాత్రము ఇంకను తెగని చిక్కే. ఎసరులో నూకలు ఉడికించి, పిండి పోసి మూతపెట్టు వఱకు ఇండక్షన్ పొయ్యి చక్కగా సాగును. వేడిని తగ్గించి నిలుపుటలో అది గ్యాసును మించును. తరువాత కట్టెతో బలముగా కెలుకవలసిన ఘట్టము వచ్చును. ఆ పనిని గాజుపలకపై చేయరాదు. తెలిసిన ఇల్లాండ్రు మందపు ఉక్కు డేకిసాను దించి, నేలపై పాత చుట్టకుదురు వేసి, దానిలో డేకిసాను బిగించి కెలుకుదురు.